గనులు ప్రభుత్వం చేతిలో ఉంటే దేశానికి దీర్ఘకాలంలో మేలేనా? సింగరేణి ఆధారంగా ఒక సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: “గనులను ప్రభుత్వ సంస్థలే తవ్వడం వల్ల సుస్థిర అభివృద్ధి సాధ్యమవుతుందా, లేక ప్రైవేటు కంపెనీలకు వేలంలో అప్పగించి రాయల్టీ, పన్నులు వసూలు చేసుకుంటే సరిపోతుందా? సింగరేణి అనుభవం ఏం చెబుతోంది?” నేను గోదావరి లోయ బొగ్గు గనుల్లో ప్లానింగ్ విభాగంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ తరువాత గనుల మూసివేత ప్రణాళికలు తయారుచేసే పనిలో ఉన్నాను. కాబట్టి ఆర్థికవేత్త దృష్టితో కాక, గని మొదలయ్యే రోజునూ మూతపడే రోజునూ దగ్గర నుంచి చూసినవాడిగా సమాధానం చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, మేలు జరుగుతుంది, కానీ యజమాని ప్రభుత్వం కావడం ఒక్కటే అందుకు చాలదు. ఖనిజం తరిగిపోయే ఆస్తి. తవ్విన టన్నుకు బదులుగా సాగుకు పనికివచ్చే భూమి, చదువుకున్న తరం, నైపుణ్యం, విద్యుత్ కేంద్రం, రేపటి కోసం దాచిన నిధి వంటి నిలిచే ఆస్తి ఏదో ఒకటి ఏర్పడితే దానిని సుస్థిర అభివృద్ధి అనవచ్చు. ఏర్పడకపోతే, తవ్వింది ఎవరైనా, పొలం అమ్ముకుని ఇంటి ఖర్చు వెళ్లదీసినట్టే అవుతుంది. ఈ మార్పిడి చేయగల అవకాశం ప్రభుత్వ సంస్థకు ప్రైవేటు సంస్థ కంటే ఎక్కువ. ఆ అవకాశాన్ని చేజార్చుకునే ప్రమాదం కూడా దానికే ఎక్కువ, ఎందుకంటే ఏ ప్రభుత్వానికైనా ఈ ఏడాది బడ్జెట్టే ముందు కనబడుతుంది.

సింగరేణి నేపథ్యం కొంత తెలిస్తే తక్కినది సులువుగా అర్థమవుతుంది. 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గును గుర్తించారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొంది, 1889లో పని మొదలుపెట్టింది. ఇప్పుడున్న పేరుతో సంస్థ 1920 డిసెంబర్ 23న నమోదైంది, 1945లో నిజాం ప్రభుత్వం అందులో మెజారిటీ వాటాలు కొన్నది. అంటే 1973 నాటి బొగ్గు గనుల జాతీయకరణ చట్టానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే ఇక్కడి బొగ్గు ప్రభుత్వపరమైంది. నేడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. కొత్తగూడెం, మణుగూరు నుంచి భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు దాకా ఈ గనులు విస్తరించి ఉన్నాయి.

ప్రభుత్వ యాజమాన్యం వల్ల కలిగే మొదటి మేలు బయటివారికి అంతగా కనబడదు. అది బొగ్గును వరుసక్రమంలో తీయగల ఓపిక. మన లోయలో చాలా చోట్ల ఒకదాని కింద ఒకటిగా అనేక పొరలు ఉంటాయి. ముందు పై పొరను తీసి, తరువాతే కింది పొరకు వెళ్లాలి. కింది పొర మందంగా, నాణ్యంగా ఉందని ముందుగా దానినే తీసి కప్పు కూలనిస్తే, పై పొరలు బీటలు వారతాయి, ఆ బీటల్లోకి గాలి చొరబడుతుంది, బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. అప్పుడు పై పొరలోని బొగ్గు మనకూ దక్కదు, మన మనవలకూ దక్కదు. జార్ఖండ్‌లోని ఝరియాలో జాతీయకరణకు ముందు ప్రైవేటు యజమానులు చేతికందిన మంచి బొగ్గును తీసుకుని మిగిలినది వదిలేసిన పద్ధతి ఎటువంటి ఫలితం ఇచ్చిందో, నూరేళ్లకు పైగా ఆరని అక్కడి మంటలే చెబుతాయి. జాతీయకరణకు చెప్పిన ప్రధాన కారణాల్లో ఈ అశాస్త్రీయ తవ్వకం ఒకటి. లీజు గడువు లోపల పెట్టుబడి రాబట్టుకోవాలనే కంపెనీకి, యాభై ఏళ్ల తరువాత కూడా అదే బేసిన్‌లో (బొగ్గు పొరలు పరుచుకున్న లోయలో) తవ్వకం సాగించాల్సిన సంస్థకు ప్లానింగ్ బల్ల మీద లెక్కలు వేరువేరుగా ఉంటాయి. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, ఆ లెక్కలు వేసే పనే నా ఉద్యోగం.

అయితే ఓపికకు మరో ముఖం కూడా ఉంది. తొంభైల్లో సింగరేణి 1992లోనూ 1996లోనూ రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు గుమ్మం ఎక్కింది. అప్పుడు లక్షకు పైగా కార్మికులు ఉండేవారు, ఏటా వందల సంఖ్యలో సమ్మెలు జరిగేవి, బొగ్గు ధరను ఢిల్లీ నిర్ణయించేది. ఉత్పత్తి ఏటా రెండు, మూడు కోట్ల టన్నుల మధ్య ఉండేది. ఆ స్థితిలో అది ప్రైవేటు సంస్థ అయి ఉంటే నష్టం వచ్చే భూగర్భ గనులను ఒక్కసారిగా మూసివేసి ఉండేది, మొత్తం కోల్‌బెల్టు రోడ్డున పడేది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఆర్థిక ప్యాకేజీతో నిలబెట్టాయి. 1998 నుంచి కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగ్ ద్వారా ఎన్నుకునే పద్ధతి వచ్చింది. 1999–2000 నుంచి లాభాల్లో పది శాతం కార్మికులకు పంచడం మొదలైంది. తట్టా చెమ్మస్‌తో (గంపా పారతో) బొగ్గు నింపిన ఫిల్లర్లు శిక్షణ పొంది యంత్రాల మీదికి వచ్చారు. నలభై దాటిన ఫిల్లర్ ఒకరు ఎస్‌డీఎల్ (గని లోపల బొగ్గును ఎత్తి పోసే లోడర్) యంత్రం లివర్లు పట్టుకోవడం నేర్చుకునేటప్పుడు పక్కన నిలబడి చూశాను. మొదటి వారమంతా బకెట్ కప్పుకు తగులుతుందేమోనని భయపడిన ఆ మనిషి, కొన్ని నెలలకే యంత్రం శబ్దం విని ఎక్కడ లోపముందో చెప్పగలిగాడు. ఒక ప్రాంతానికి నైపుణ్యం మిగలడమంటే ఇదే. 2023–24 నాటికి సంస్థ 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది, ఉద్యోగులు నలభై వేల చుట్టూ ఉన్నారు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి సంబరపడేముందు ఒక విషయం గమనించాలి. ఉత్పత్తి పెరగడానికి, మనుషులు తగ్గడానికి ప్రధాన కారణం ఓపెన్‌కాస్ట్, అంటే సొరంగాలు లేకుండా నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసే పద్ధతి. ఇప్పుడు తీస్తున్న బొగ్గులో తొంభై శాతానికి పైగా ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తోంది. ఒక టన్ను బొగ్గు కోసం అయిదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి తొలగించాలి. ఆ మట్టి పనిని ఎక్కువగా ప్రైవేటు కాంట్రాక్టర్లు చేస్తున్నారు. కాబట్టి బోర్డు మీద ప్రభుత్వ సంస్థ అని ఉన్నా, గుంతలో దిగి చూస్తే సగం పని ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. 2023–24 లాభాల వాటా కింద 33 శాతం చొప్పున 796 కోట్లు పంచారు. పర్మినెంట్ కార్మికునికి సగటున 1.90 లక్షల రూపాయలు వచ్చాయి, కాంట్రాక్టు కార్మికునికి చరిత్రలో తొలిసారిగా 5,000 రూపాయలు ఇచ్చారు. తొలిసారి ఇచ్చినందుకు సంతోషించాలి. కానీ ఒకే గనిలో, ఒకే దుమ్ములో పనిచేసే ఇద్దరి మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు, ప్రభుత్వ యాజమాన్యం వల్ల ఉపాధి గౌరవప్రదంగా ఉంటుందనే వాదన సగం మందికే వర్తిస్తుందని ఒప్పుకోవాలి.

ఇక భూమి విషయానికి వస్తాను, నాకు ఎక్కువగా తెలిసినది, ఎక్కువగా బాధ కలిగించేదీ ఇదే. ఓపెన్‌కాస్ట్ మొదలుపెట్టేటప్పుడు పై మట్టిని విడిగా తీసి, విడిగా కుప్ప పోసి, దానిమీద జనుము, జీలుగ వంటివి పెంచి జీవం పోకుండా కాపాడాలి. గుంత పూడ్చిన తరువాత ఆ మట్టినే మళ్లీ పైన పరచాలి. ఇది ప్రణాళికలో తప్పనిసరిగా రాసి ఉంటుంది. నేను మూసివేత పని కోసం చూసిన ఒక గనిలో, లక్ష్యం అందుకోవాలన్న ఒత్తిడిలో టిప్పర్లు ఆ పై మట్టిని రాతిమట్టితో కలిపి ఒకే దిబ్బ మీద గుమ్మరించాయి. ఏళ్లు గడిచాక ఆ దిబ్బ మీద సుబాబుల్, తుమ్మ బాగానే పెరిగాయి, నివేదికలో దానిని పచ్చదనంగా చూపారు. గడ్డపారతో అడుగు లోతు తవ్వితే ఇసుకరాయి ముక్కలు, షేల్ పెళ్లలు తప్ప మట్టి లేదు. అదే గనిలో, పై మట్టిని పద్ధతి ప్రకారం కాపాడిన ఒక చిన్న ముక్కలో మాత్రం ఊరివాళ్లు కంది వేసి పండించుకుంటున్నారు. రెండింటికీ మధ్య దూరం ఒక కిలోమీటరు కూడా లేదు. చట్టం ఒకటే, యజమాని ఒకరే. తేడా వచ్చింది ఆ నెలలో షిఫ్టు ఇన్‌చార్జి మీద ఉన్న ఒత్తిడి వల్ల.

మూసివేతకు డబ్బు ముందుగానే పక్కన పెట్టాలన్న నియమం బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో తెచ్చింది. అప్పట్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష చొప్పున లెక్కగట్టి, బొగ్గు నియంత్రణాధికారి పర్యవేక్షణలో ఎస్క్రో ఖాతాలో (మూసివేత పని జరిగితేనే డబ్బు విడుదలయ్యే ఖాతాలో) జమ చేయాలని చెప్పింది. ఇది మంచి నియమం. డబ్బు లేక మూసివేత ఆగిపోయే రోజులు దీనితో కొంత తగ్గాయి. కానీ హెక్టారు లెక్కలో మట్టి, మొక్కలు, కంచె ఉంటాయే తప్ప ఊరి బతుకుతెరువు సరిగా లెక్కకు రాదు. బావులు, అంటే భూగర్భ గనులు, ఒక్కొక్కటిగా మూతపడ్డాక బెల్లంపల్లి, ఇల్లందు ఎలా వెలవెలబోయాయో ఆ వైపు వెళ్లినవారెవరికైనా కనబడుతుంది. క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, కిరాణా దుకాణం దాకా అన్నీ బావి చుట్టూ అల్లుకున్నవే. చిత్తూరు జిల్లా సరిహద్దున ఉన్న కోలారు బంగారు గనుల కథ ఇంకా కఠినమైనది. ప్రభుత్వ సంస్థే నడిపింది, 2001లో మూసివేసింది. సైనైడ్ వ్యర్థాల దిబ్బలు ఊళ్లో అలాగే ఉండిపోయాయి, వేలమంది పనికోసం రోజూ రైళ్లలో బెంగళూరుకు వెళ్లివస్తున్నారు. ప్రభుత్వ సంస్థ అయితే ఊరిని వదిలిపెట్టదనే నమ్మకం ఎంత పెళుసైనదో కోలారు చూపుతుంది.

గుంతలను పనికివచ్చేలా మార్చే ప్రయత్నాలు లేకపోలేదు. గనుల నుంచి తోడే నీటిని చెరువులకు, ఊళ్లకు ఇవ్వడం చాలాకాలంగా జరుగుతోంది. రామగుండం వద్ద మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గుంతలో పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి నిల్వచేసి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) విద్యుత్ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం 2016 నుంచి నడుస్తోంది, దాని జలాశయం మీద తేలియాడే సౌర ఫలకాలు కూడా పెట్టారు. నా దృష్టిలో ఇవి సరైన దిశలో పడిన అడుగులు, ఎందుకంటే బొగ్గు డబ్బు బొగ్గు తరువాత కూడా నిలిచే ఆస్తిగా మారుతోంది.

డబ్బు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం, అది రాష్ట్రానికి వెళుతుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పాటు చేశారు. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని వాటికి అదనంగా కట్టాలి. టన్ను ధర 3,000 అనుకుంటే రాయల్టీ 420, ఫౌండేషన్‌కు 126 రూపాయలు. ఈ 126 రూపాయలు గని వల్ల నష్టపోయిన ఊళ్ల తాగునీరు, వైద్యం, చదువులకు ముందుగా ఖర్చు కావాలన్నది ఉద్దేశం. ఒక ప్రజాభిప్రాయ సేకరణలో ఒక పెద్దమ్మ లేచి, “గని లోతుకు పోతున్నకొద్దీ మా బోరు ఎండిపోయింది, నిధి నుంచి జిల్లా కేంద్రంలో రోడ్డు వేశారు, మా ఊరికి ట్యాంకర్ ఎప్పుడొస్తుంది?” అని అడిగింది. వేదిక మీద ఉన్న ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. నేను చదివిన ఏ నివేదికా ఈ పథకం లోపాన్ని ఇంత స్పష్టంగా చెప్పలేదు.

కేంద్రం తీరు కూడా ఇటువంటిదే. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు వేశారు, 2016 నాటికి అది 400కు చేరింది. పునరుత్పాదక ఇంధనానికి పెట్టుబడిగా మారవలసిన ఈ సొమ్ము, 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల పరిహార ఖాతాలోకి మళ్లింది. బొగ్గు నుంచి బయటపడేందుకు బొగ్గే డబ్బు ఇవ్వాలన్న ఆలోచన సుస్థిర అభివృద్ధికి అచ్చమైన నమూనా. దానిని మనమే మధ్యలో వదిలేశాం. ఇంకో చిక్కు ఏమిటంటే, సింగరేణి బొగ్గును ఎక్కువగా కొనేవి ప్రభుత్వ విద్యుత్ సంస్థలే, వాటి బకాయిలు వేల కోట్లలో ఉంటాయి. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే ప్రభుత్వం అయినప్పుడు బాకీ వసూలు చేయమని గట్టిగా అడిగేవారు ఉండరు. కాగితం మీద లాభం కనబడుతుంది, చేతిలో నగదు ఉండదు, కొత్త గనికో సౌర కేంద్రానికో మళ్లీ అప్పు చేయాల్సి వస్తుంది.

ఇతర దేశాల అనుభవం కూడా ఇదే చెబుతోంది. బోట్స్వానాలో 1967లో ఒరాపా వద్ద వజ్రాలు దొరికాయి. ప్రభుత్వం డీబీర్స్ అనే వజ్రాల కంపెనీతో కలిసి నడిపే కంపెనీలో తన వాటాను 15 శాతం నుంచి 1975 నాటికి సగానికి పెంచుకుంది. వజ్రాల ఆదాయాన్ని మామూలు ఖర్చులకు కాక పెట్టుబడులకు, చదువుకు, వైద్యానికి వాడాలని నియమం పెట్టుకుంది, 1994లో పులా ఫండ్ అనే పొదుపు నిధిని ఏర్పాటు చేసింది. అతి పేద దేశాల్లో ఒకటిగా ఉన్నది మధ్యాదాయ దేశంగా ఎదిగింది. అయినా వజ్రాల మీదే ఎక్కువగా ఆధారపడటం వల్ల, ప్రయోగశాలల వజ్రాలు మార్కెట్‌ను ముంచెత్తిన ఈ రోజుల్లో ఇబ్బంది పడుతోంది. జాంబియా రాగి గనులను కూడా ప్రభుత్వమే 1969–70ల్లో చేతిలోకి తీసుకుంది. 1974 తరువాత రాగి ధర పడిపోయినా, గనుల నుంచి డబ్బు లాగడం ఆపలేదు, యంత్రాలు మార్చలేదు, కొత్త పొరల అన్వేషణ చేయలేదు. ఏటా ఏడు లక్షల టన్నులు తీసిన దేశం 2000 నాటికి రెండున్నర లక్షలకు పడిపోయి, గనులను తిరిగి ప్రైవేటుకు అమ్ముకుంది. రెండు చోట్లా యాజమాన్యంలో ప్రభుత్వమే ఉంది. ఆదాయాన్ని ఖర్చు చేసిన నియమమే రెండు దేశాలనూ రెండు దారుల్లోకి తీసుకుపోయింది.

గిరిజన ప్రాంతాల విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిది, దానికి మన నేల మీద పుట్టిన తీర్పే ఆధారం. బొర్రా గుహల పరిసరాల్లో, అనంతగిరి మండలంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులను సమత అనే సంస్థ సవాలు చేసింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించడం చెల్లదని, ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చినా అది వర్తిస్తుందని చెప్పింది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘాలు గానీ తవ్వవచ్చునని, నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల నీరు, చదువు, వైద్యం, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పెట్టాలని కూడా పేర్కొంది. అంటే ఇక్కడ ప్రభుత్వ యాజమాన్యం గిరిజనుల భూమి హక్కును కాపాడే రక్షణగా మారింది. భూమి చేతులు మారితే తిరిగి రాదు. ఈ ఒక్క కారణంతో అయినా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు వేలాన్ని నేను సమర్థించను. అయితే ఆ తీర్పు కోరిన స్ఫూర్తితో గ్రామసభ మాట వినకుండా ప్రభుత్వ సంస్థ వచ్చి తవ్వితే, పోగొట్టుకునే కుటుంబానికి పెద్ద తేడా ఉండదు.

“వేలం వేసి రాయల్టీ తీసుకుంటే చాలదా?” అన్న మీ రెండో భాగానికి ఇప్పుడు జవాబు చెబుతాను. వేలంలో ఖజానాకు డబ్బు బాగానే వస్తుంది, ఆ మాట కాదనను. కానీ విడివిడి బ్లాకులుగా ముక్కలు చేసి వేలం వేసినప్పుడు, ఒకే బేసిన్‌లో పక్కపక్క గనుల మధ్య నీటి ప్రవాహాన్ని, సరిహద్దు అడ్డుగోడల బొగ్గును, మట్టి దిబ్బల స్థలాన్ని కలిపి ప్లాన్ చేసేవారు ఉండరు. పాత గనుల్లో నిలిచిన నీరు ఎంత ప్రమాదకరమో కోల్‌బెల్టు మరచిపోదు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ప్రభుత్వ గనిలోనే జరిగిన ప్రమాదమది, కాబట్టి యజమాని మారితే భద్రత వస్తుందని గానీ పోతుందని గానీ నేను అనడం లేదు. పక్క గని ఎవరిదైనా దాని పాత ప్లాన్లు, నీటి మట్టాలు ఒకే చోట దొరకాలని మాత్రం అంటున్నాను. కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణ్‌పల్లి, కల్యాణఖని బ్లాకులను వేలం జాబితాలో పెట్టినందుకు 2021 డిసెంబరులో కార్మికులు మూడు రోజులు సమ్మె చేసినప్పుడు దానిని ఉద్యోగాల గొడవగానే చాలామంది చూశారు. ప్లానింగ్ మనిషిగా నాకు అందులో బేసిన్‌ను ముక్కలు చేయకూడదన్న సాంకేతిక కారణం కూడా కనబడింది.

మీరు ఏదైనా ప్రభుత్వ గనుల సంస్థను అంచనా వేయాలనుకుంటే లాభనష్టాల పట్టికతో మొదలుపెట్టకండి. ముందు మూసివేత ఎస్క్రో ఖాతాలో ఎంత జమైందో, అందులో ఎంత పని పూర్తయి విడుదలైందో చూడండి. తరువాత ప్రభుత్వ సంస్థల నుంచి రావలసిన బకాయిలు, ఖనిజేతర ఆస్తుల మీద పెట్టిన పెట్టుబడి, కాంట్రాక్టు కార్మికుల సంఖ్య, వారి వేతనం చూడండి. పర్యావరణ అనుమతి షరతుల అమలు నివేదికలు ఆరు నెలలకోసారి సమర్పించాలి, వాటిలో పై మట్టి ఎంత నిల్వ చేశారో, ఎంత తిరిగి పరిచారో విడిగా రాస్తారు. ఆ రెండు అంకెల మధ్య తేడా పెరుగుతూ పోతుంటే, వీలైతే ఒకసారి ఆ గనికి వెళ్లి ఏ దిబ్బ మీద ఏం పండుతోందో అక్కడి రైతులను అడగండి. సింగరేణి ప్రాంతంలో అయితే మణుగూరు, భూపాలపల్లి వైపు వెళితే పాత దిబ్బలు, కొత్త దిబ్బలు పక్కపక్కనే కనిపిస్తాయి, పోల్చి చూడటం సులువు.